గుమ్మం దాటే దారి

ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో వృద్ధాప్య పింఛను ఇంటికే వస్తుంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. రక్తపరీక్షకు నమూనా తీసుకునే మనిషీ ఇంటికే వస్తాడు. మందులు, కూరగాయలు ఫోన్ చేస్తే గుమ్మం ముందుంటాయి. మంచం దిగలేని వారికి ఇవన్నీ ప్రాణాధారాలు. అయితే తన కాళ్లమీద తాను నడవగలిగే డెబ్భై ఏళ్ల మనిషికి కూడా మన పట్టణాలు ఇదే జవాబు చెబుతున్నాయి: మీరు కదలకండి, మేమే తెచ్చిస్తాం. ఈ జవాబు చాలదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మందుల షాపుకో, గుడికో, స్నేహితుడి ఇంటికో వెళ్లి క్షేమంగా తిరిగి రాగలిగితేనే ఆ ఊరు ముసలితనానికి అనువైనదని నేనంటాను. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోమిత్ర నగరాలపై మార్గదర్శిని వెలువరించింది. అందుకోసం ఢిల్లీ, ఉదయ్‌పూర్‌తో సహా 33 నగరాల్లో పెద్దవాళ్లనే అడిగి తెలుసుకుంది. అందులోని ఎనిమిది అంశాల్లో ఆరోగ్య సేవలతో పాటు బహిరంగ స్థలాలకూ రవాణాకూ చోటుంది.

రోడ్డు దాటడాన్నే చూద్దాం. సిగ్నల్ సమయాన్ని చాలాచోట్ల మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న లెక్కతో పెడతారు. ఇంగ్లండ్‌లో 65 దాటినవారి నడకను కొలిచి 2012లో ప్రచురించిన అధ్యయనంలో మగవారి సగటు వేగం 0.9 మీటర్లు, ఆడవారిది 0.8 మీటర్లు అని తేలింది. అంటే 20 మీటర్ల రోడ్డు దాటడానికి సిగ్నల్ ఇచ్చేది 17 సెకన్లు, సగటు వృద్ధురాలికి కావలసింది 25. తక్కిన ఎనిమిది సెకన్లూ ఆవిడ కదిలే బండ్ల మధ్య ఉంటుంది. ఒకసారి అలా బెదిరిన మనిషి మళ్లీ ఆ రోడ్డు వైపు వెళ్లదు. ఇంట్లోవాళ్లు దాన్ని ‘వయసు’ అనుకుంటారు. సింగపూర్ 2009లో దీనికి ఒక ఉపాయం తెచ్చింది. వృద్ధులు తమ కార్డును సిగ్నల్ స్తంభానికి తాకిస్తే పచ్చదీపం 3 నుంచి 13 సెకన్ల దాకా ఎక్కువసేపు వెలుగుతుంది. 2014 నుంచి పెద్దవాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో వాహనాల వేగం తగ్గించి, రోడ్డు మధ్యలో ఆగి రెండు విడతలుగా దాటే వీలు కూడా కల్పిస్తోంది.

బస్సుదీ ఇదే కథ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మంచి పని. కానీ టిక్కెట్టుకు డబ్బు కట్టనక్కర్లేకపోయినా, మోకాలెత్తు మెట్టు ఎక్కలేని అవ్వకు ఆ బస్సు అందదు. జపాన్‌లోని తొయామా నగరం ఈ రెండింటినీ కలిపి ఆలోచించింది. 2006లో మెట్టు ఎక్కనవసరం లేని ట్రాములు నడిపింది, 65 దాటినవారు నగరం నడిబొడ్డుకు 100 యెన్లకే రావచ్చంది. బస్సు సంగతి అటుంచితే, నడుమ కాసేపు కూర్చునే చోటు ఏది? మన పాత ఇళ్లకు వీధి వైపు అరుగులుండేవి, దారినపోయే ఎవరైనా కూలబడేవారు. అపార్ట్‌మెంట్లకు ఉండేది ప్రహరీగోడే. ఇంకొకటి, పైకి చెప్పుకోనిది, మూత్రశాల. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మాటిమాటికీ మూత్రం వచ్చేలా చేస్తాయి. దారిలో శుభ్రమైన చోటు లేదని తెలిసినవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, లేదా బయటికి వెళ్లడమే మానేస్తారు. ఆడవాళ్ల అవస్థ మరీ ఎక్కువ.

మన దగ్గర పిల్లలు చూసుకుంటారుగా అనేవారున్నారు. చూసుకుంటున్నారు, నిజమే. కాని ఆ పిల్లలే తగ్గుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఉన్నవారిలో ఎందరో వేరే నగరాల్లో, వేరే దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. పైగా కొడుకు పక్కనే ఉన్నా, కొత్త కళ్లజోడు కోసం ఆదివారం దాకా ఆగాల్సి రావడం పెద్దమనిషికి చిన్నతనంగానే ఉంటుంది. ఇంటికి చేర్చే సేవ ఎంత బలహీనమైనదో 2024 ఏప్రిల్‌లో చూశాం. ఎన్నికల వేళ ఆంధ్రలో ప్రభుత్వ వాలంటీర్ల ఇంటింటి పంపిణీ ఆగేసరికి, పింఛను కోసం ఎందరో ముసలివాళ్లు మండుటెండలో గ్రామ, వార్డు సచివాలయాల దాకా పోవలసి వచ్చింది. ఆ సేవ ఉండాల్సిందే, దారి కూడా ఉండాలి.

అలాంటి దారికి ఫుట్‌పాత్ ఖాళీ చేయాలంటే తోపుడుబండ్లను తోసేయడమేనా అన్న భయం కూడా న్యాయమైనదే. అలా చేస్తే మొదట నష్టపోయేది వృద్ధులే, దగ్గర్లో దొరికే కూరా పండూ వాళ్లకే ఎక్కువ అవసరం. బండికి చోటు గీసి, నడకకు చోటు వదిలితే చాలు. చాలా వీధుల్లో అసలు అడ్డం ఇళ్లముందు ఫుట్‌పాత్ మీదికి కట్టుకున్న కారు ర్యాంపులు. డబ్బెక్కడిదంటారా? సిగ్నల్ సమయం మార్చడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రోడ్లను ఎలాగూ కొన్నేళ్లకోసారి మళ్లీ వేస్తున్నారు. ఫుట్‌పాత్ మీద నడిచే దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. మీ వీధికి ఈసారి టెండరు పిలిచినప్పుడు ఆ రెండు కొలతలూ అందులో ఉన్నాయో లేదో వార్డు ఇంజనీరును అడిగి చూడండి.