తెలుగు నాట వృత్తి క్రీడా జట్ల దుస్తులు, చిహ్నాలు

ఒక క్రీడా జట్టును ఎదుటి జట్టు నుండి వేరు చేసి చూపే రంగుల దుస్తులను జట్టు దుస్తులు లేదా జెర్సీలు అంటారు. ఆ దుస్తుల ఎదభాగం మీద కనిపించే బొమ్మను జట్టు చిహ్నం లేదా లోగో అంటారు. తెలుగు ప్రాంతాలలో ప్రత్యేకమైన రంగు, పేరు, బొమ్మ కలిగిన వృత్తి జట్లు 2005 తరువాతనే కనిపిస్తాయి. ఆ సంవత్సరం ప్రీమియర్ హాకీ లీగ్‌లో హైదరాబాద్ సుల్తాన్స్, 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్లు బరిలోకి దిగాయి. రెండు లీగ్‌లూ కొద్ది కాలంలోనే మూతపడ్డాయి. సామాన్య ప్రేక్షకుడు ఒక రంగును చూసి "ఇది మన జట్టు" అనుకోవడం 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) వచ్చిన తరువాత బలపడింది.

గుంటూరు జిల్లా తెనాలి పక్కనున్న అంగలకుదురు నుండి హైదరాబాదులోని ఉప్పల్ మైదానం సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇటువంటి గ్రామాలలోని అభిమానులలో అధికులు తమ జట్టు ఆటను మైదానంలో కాక టీవీలోనే చూస్తారు. ఆటగాళ్ళు ఏటా వేలంలో మారిపోతుంటారు. కాబట్టి ఆ ప్రేక్షకునికి జట్టు అంటే ముందుగా ఒక రంగు, ఒక బొమ్మ. వాటి రూపకల్పనకు ఇంత ప్రాధాన్యం రావడానికి మూలకారణం ఇదే.

రంగు దుస్తుల ప్రవేశం

ఫుట్‌బాల్‌లో రంగు దుస్తులు మొదటి నుండీ ఉన్నాయి. ఇరుజట్ల ఆటగాళ్ళు ఒకే గుంపుగా కలిసి పరుగెత్తే ఆటలో అవి తప్పనిసరి. క్రికెట్‌కు ఆ అవసరం లేదు. మైదానంలో ఉండే పదముగ్గురు ఆటగాళ్ళలో బ్యాటు పట్టుకున్న ఇద్దరూ ఒక జట్టు, మిగిలిన పదకొండు మందీ మరొక జట్టు అని చూడగానే తెలుస్తుంది. అందువలన చాలాకాలం రెండు జట్లూ తెల్ల దుస్తులే ధరించాయి.

ఈ పద్ధతిని మార్చినది ఆస్ట్రేలియా టీవీ వ్యాపారి కెర్రీ ప్యాకర్. ఆయన 1977లో ప్రారంభించిన వరల్డ్ సిరీస్ క్రికెట్‌లో దీపాల వెలుగులో రాత్రిపూట ఆటలు జరిగాయి. ఎర్ర బంతి ఆ వెలుగులో సరిగా కనిపించదు కనుక తెల్ల బంతిని వాడారు. తెల్ల బంతి తెల్ల దుస్తుల మధ్య కనిపించదు కనుక దుస్తులకు రంగు వేశారు. 1979 నాటి పోటీలలో ఆస్ట్రేలియా పసుపు, వెస్టిండీస్ గులాబీ రంగు ధరించాయి. అంటే క్రికెట్‌లో రంగు దుస్తులు అలంకారంగా గాక బంతిని చూడటానికి పుట్టినవి. ప్రపంచ కప్‌లో ఇవి 1992లో ప్రవేశించాయి. 1983లో కపిల్‌దేవ్ జట్టు కప్పు గెలిచినది తెల్ల దుస్తులలోనే. 1996 ప్రపంచ కప్‌లో హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియం, విశాఖపట్నంలోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియం ఒక్కొక్క ఆటకు వేదికలయ్యాయి.

దక్కన్ ఛార్జర్స్

ఐపీఎల్ ప్రారంభంలో హైదరాబాదు జట్టును దక్కన్ క్రానికల్ పత్రికా సంస్థ సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. జట్టు పేరులోని మొదటి పదం పత్రిక పేరు నుండి, పీఠభూమి పేరు నుండి ఒకేసారి వచ్చింది. కృష్ణా డెల్టా వాసులు భౌగోళికంగా దక్కను వారు కాకపోయినా జట్టును తమదిగానే స్వీకరించారు. కొమ్ములు ముందుకు చాచి దూకుతున్న ఎద్దు ఈ జట్టు చిహ్నం. ఒంగోలు గిత్తలను, బండలాగుడు పందేలను ఎరిగిన ప్రాంతంలో ఇది ఎవరికీ వివరించనక్కరలేని బొమ్మ. తెలుగు జట్ల చిహ్నాలలో నేలకు దగ్గరగా ఉన్నది ఇదేనని చెప్పవచ్చు.

2008లో జట్టు లేత గోధుమ, నలుపు రంగుల దుస్తులు ధరించింది. ఆ రంగు టీవీ తెర మీద వెలవెలబోయినట్లు కనిపించేది. ఆ సంవత్సరం పద్నాలుగు ఆటలలో రెండే గెలిచి జట్టు చివరి స్థానంలో నిలిచింది. 2009లో దుస్తులను వెండి, నీలం రంగులకు మార్చి, చిహ్నాన్ని కూడా సవరించారు. లోక్‌సభ ఎన్నికల కారణంగా దక్షిణాఫ్రికాకు తరలిన ఆ పోటీలలో ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వాన, మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగుళూరు జట్టుపై 6 పరుగుల తేడాతో నెగ్గి దక్కన్ ఛార్జర్స్ విజేత అయింది. రంగు మార్చడం వలననే అదృష్టం మారిందన్న మాటకు ఆధారం లేదు. మారినది నాయకుడు, ఆటతీరు. అయితే దుస్తుల రూపకర్తలకు ఇటువంటి నమ్మకాలతో వ్యవహరించక తప్పదు. గెలిచిన సంవత్సరపు రంగును మార్చడానికి ఏ యాజమాన్యమూ త్వరపడదు.

2010లో తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వలన జట్టు సొంత ఆటలు నాగపూర్, కటక్, నవీ ముంబై నగరాలకు వెళ్ళాయి. ఆ విధంగా వరుసగా రెండు సంవత్సరాలు హైదరాబాదులో ఒక్క ఆట కూడా ఆడకుండానే అది హైదరాబాదు జట్టుగా కొనసాగింది. అప్పుడు ప్రేక్షకులకూ జట్టుకూ మధ్య మిగిలిన బంధం పేరు, ఎద్దు బొమ్మ మాత్రమే. 2012 సెప్టెంబరులో క్రికెట్ నియంత్రణ మండలి జట్టు ఒప్పందాన్ని రద్దు చేయడంతో ఆ బొమ్మ కూడా మాయమైంది.

సన్‌రైజర్స్ హైదరాబాద్

2012 అక్టోబరులో సన్ టీవీ నెట్‌వర్క్ హైదరాబాదు జట్టు హక్కులను సంవత్సరానికి 85.05 కోట్ల రూపాయల చొప్పున పొందింది. సంస్థకు దక్కినది నగరం మాత్రమే. పాత పేరు, పాత ఎద్దు రాలేదు. అదే సంవత్సరం డిసెంబరులో సన్‌రైజర్స్ అన్న పేరు, రెక్కలు చాచిన గద్ద వెనుక సూర్యకిరణాలు గల చిహ్నం వెలువడ్డాయి. యజమాని పేరులోని సూర్యుడే జట్టు పేరులోనికీ చిహ్నంలోనికీ వచ్చాడు. దుస్తులకు నారింజ రంగును ఎంచుకోవడంలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది: ఉదయించే సూర్యుని రంగు అది.

నారింజ ఎంపికలో మరొక తెలివి ఉంది. అప్పటికి ఐపీఎల్‌లో చెన్నై పసుపును, ముంబై నీలాన్ని, బెంగుళూరు ఎరుపును తమవిగా చేసుకున్నాయి. పచ్చని మైదానం మీద స్పష్టంగా కనిపించి, మరే జట్టూ పూర్తిగా ఆక్రమించని రంగులలో నారింజ ఒకటి. 2016లో జట్టు విజేత అయిన తరువాత ఆ రంగు మరింత స్థిరపడింది; అభిమానులు తమను ఆరెంజ్ ఆర్మీ అని పిలుచుకుంటారు. నారింజకు తోడుగా నలుపు పాళ్ళు ఏటా కొంత మారుతూ వచ్చాయి గాని మూలవర్ణం మారలేదు. ఇదే యజమానులకు చెందిన దక్షిణాఫ్రికా జట్టు సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ కూడా 2023 నుండి నారింజ రంగులోనే ఆడుతున్నది. దీనిని బట్టి ఆ రంగు హైదరాబాదుకు గుర్తా, సంస్థకు గుర్తా అన్న ప్రశ్నకు సమాధానం ఊహించవచ్చు.

ఒకే రంగు, రెండు జట్లు

ఫుట్‌బాల్ నిబంధనలలో నాలుగవది ఆటగాళ్ళ దుస్తులకు సంబంధించినది. దాని ప్రకారం రెండు జట్లూ ఒకదానినుండి మరొకటి, రిఫరీ నుండి కూడా వేరుగా కనిపించే రంగులు ధరించాలి. గోల్‌కీపర్ దుస్తులు తన జట్టు వారికంటే కూడా భిన్నంగా ఉండాలి. అందుచేత ప్రతి జట్టూ కనీసం రెండు జతల దుస్తులు సిద్ధం చేసుకుంటుంది.

ఈ నిబంధన ఎంత దూరం వెళ్ళగలదో 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ తుది పోటీ చూపింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ రంగులు పసుపు, నలుపు. ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్ రంగు కూడా పసుపే. లీగ్ దశలో హైదరాబాదు రెండవ స్థానంలోనూ కేరళ నాలుగవ స్థానంలోనూ నిలిచాయి కనుక పసుపు ధరించే హక్కు హైదరాబాదుకు దక్కింది. కేరళ నుండి వేలాది అభిమానులు పసుపు చొక్కాలతో వచ్చి కూర్చున్నారు. వారి జట్టు మాత్రం మరో రంగులో దిగింది. ప్రేక్షకుల పసుపు ఒక జట్టుది, మైదానంలోని పసుపు మరో జట్టుది అయిన విచిత్ర దృశ్యమది. ఆట 1-1తో సమానం కాగా, పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపడంతో హైదరాబాదు 3-1తో కప్పు గెలుచుకుంది.

కబడ్డీలో అవసరం వేరు. పట్టు పట్టేవారి చేతికి గుడ్డ చిక్కకుండా దుస్తులు ఒంటికి అంటుకుని ఉండాలి. శరీరానికి నూనె పూసుకోవడం, నగలు ధరించడం నిషేధం. చొక్కా ముందు కనీసం 4 అంగుళాలు, వెనుక 6 అంగుళాలు గల సంఖ్య ఉండాలని నియమం.

గుడ్డ, అద్దకం

నూలు గుడ్డ చెమటను పీల్చుకుంటుంది కనుక ఎండకు మంచిదని మనవారి అనుభవం. తీరిక సమయానికి అది నిజమే. కాని ఆటగాడు గంటల తరబడి పరుగెత్తినపుడు అదే గుణం దోషమవుతుంది. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలియెస్టర్ 0.4 శాతం మాత్రమే పడుతుంది. తడిసిన నూలు చొక్కా బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. పాలియెస్టర్ పోగులు తడిని తమలోనికి తీసుకోవు. పోగుల మధ్య సందుల గుండా చెమట బయటి వైపుకు పాకి గాలికి ఆరుతుంది. అయితే గాలిలోనే తేమ నిండి ఉండే కోస్తా ప్రాంతాలలో చెమట ఆరడం నెమ్మదిస్తుంది గనుక చంకల వద్ద, వీపు మీద జల్లెడ వంటి గుడ్డను వాడతారు.

నేటి జెర్సీల మీది రంగులు చాలావరకు సబ్లిమేషన్ పద్ధతిలో అద్దినవి. ముందుగా బొమ్మను ప్రత్యేకమైన రంగులతో కాగితం మీద ముద్రిస్తారు. ఆ కాగితాన్ని తెల్లని పాలియెస్టర్ గుడ్డ మీద పరచి, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో నిమిషం లోపుగా అదుముతారు. ఘనరూపంలో ఉన్న రంగు ద్రవం కాకుండానే ఆవిరిగా మారి పోగులలోనికి చొచ్చుకుపోతుంది. కర్పూరం కరగకుండా ఆవిరి కావడం వంటిదే ఇది. ఉత్పతనం అని పాఠ్యపుస్తకాలలో విద్యార్థులు చదివే ప్రక్రియ. రంగు పోగులోనే ఉండటంవలన ఉతికినా పెచ్చులు లేవదు, బరువు పెరగదు. ఈ రంగు నూలుకు పట్టదు. ముదురు గుడ్డ మీద కనిపించదు. పది చొక్కాలకైనా పదివేల చొక్కాలకైనా పని ఒకటే కనుక చిన్న ఊళ్ళ జట్లు సైతం సొంత పేర్లతో, సంఖ్యలతో చొక్కాలు అచ్చు వేయించుకోగలుగుతున్నాయి.

సంఖ్యలు, చిహ్నాలు

చొక్కా మీది సంఖ్యకు ప్రసిద్ధమైన తొలి ఉదాహరణ 1933 నాటి ఇంగ్లండు ఎఫ్‌ఏ కప్ తుది పోటీ. అందులో ఎవర్టన్ ఆటగాళ్ళు 1 నుండి 11, మాంచెస్టర్ సిటీ ఆటగాళ్ళు 12 నుండి 22 వరకు సంఖ్యలు ధరించారు. క్రికెట్ ప్రపంచ కప్‌లో సంఖ్యలు 1999లోనూ, టెస్టు క్రికెట్‌లో 2019లోనూ వచ్చాయి.

మంచి చిహ్నానికి పరీక్షలు కఠినమైనవి. అది టీవీ తెర మూలన స్కోరు పక్కన గోరంత పరిమాణంలోనూ, స్టేడియం గోడ మీద కొండంత పరిమాణంలోనూ గుర్తుపట్టేలా ఉండాలి. ఒకే రంగులో అచ్చు వేసినా, దారంతో కుట్టినా రూపం చెడకూడదు. అందుకే రూపకర్తలు సన్నని గీతలను తగ్గించి, ఒక్క కదలికను ఎంచుకుంటారు: ఎద్దు దూకడం, పక్షి రెక్క చాచడం. చారిత్రక కట్టడాలను, వజ్రాలను, ఆయుధాలను ఒకే డాలులో ఇరికించిన చిహ్నాలు వివరణ పత్రంలో గొప్పగా ఉండి, చొక్కా మీద మసకబారుతాయి.

జట్ల పేర్లు ఈ రూపకల్పనను శాసిస్తాయి. 2022లో ప్రారంభమైన ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లోని తొలి ఆరు జట్లు కోస్టల్ రైడర్స్, బెజవాడ టైగర్స్, గోదావరి టైటాన్స్, రాయలసీమ కింగ్స్, ఉత్తరాంధ్ర లయన్స్, వైజాగ్ వారియర్స్. మొదటి పదం ప్రాంతానిది, రెండవ పదం ఎక్కడిదైనా కావచ్చు. పులి, సింహం అన్నాక ప్రపంచంలోని వందలాది జట్ల బొమ్మలనుండి వేరుగా గీయడం ఎంతటి చిత్రకారునికైనా కష్టమే. భాష పేరును ధరించిన ప్రో కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ 2014లో వచ్చింది. దాని రెండవ పదం గ్రీకు పురాణాలలోని మహాకాయులది. 2017లో వచ్చిన తమిళ్ తలైవాస్ రెండు పదాలూ తమిళంలోనే పెట్టుకుంది. తెలుగు పదాలతో, తెలుగు లిపి అందంతో చిహ్నం తీర్చే అవకాశం ఇంకా వినియోగం కాకుండానే ఉంది. గుండ్రని తెలుగు అక్షరాలు డాలులోనికి, బంతి ఆకారంలోనికి ఇంగ్లీషు అక్షరాలకంటే సులువుగా ఒదుగుతాయి.

హక్కులు, ప్రకటనలు

జట్టు పేరు, చిహ్నం యజమాని ఆస్తులు. భారతదేశంలో 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం క్రింద వీటిని నమోదు చేయిస్తారు. దుస్తులకు 25వ తరగతి, క్రీడా వినోదానికి 41వ తరగతి వర్తిస్తాయి. నమోదు పదేళ్ళు చెల్లుతుంది, తిరిగి పొడిగించుకోవచ్చు. అభిమానికి మాత్రం ఆ రంగు మీద ఏ హక్కూ ఉండదు. 2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నపుడు, మూడున్నరేళ్ళ క్రితం ఫతోర్దాలో కప్పు గెలిచిన పసుపు చొక్కా ఏ నగరానిదీ కాకుండా పోయింది.

చొక్కాలో అత్యంత విలువైన భాగం ఎదభాగం. అక్కడ జట్టు పేరుకంటే ప్రకటనదారు పేరు పెద్దదిగా ఉండటం వృత్తి క్రీడలలో సామాన్యం. రూపకర్త ఎన్నుకున్న రంగులకు పొసగని రంగుల ప్రకటన వచ్చి పడినపుడు మొత్తం అమరిక దెబ్బతింటుంది. ప్రకటన లేకపోతే చొక్కా ఎలా ఉంటుందో 2025 సెప్టెంబరులో చూసే అవకాశం వచ్చింది. ఆగస్టులో ఆన్‌లైన్ జూద క్రీడలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేయడంతో డ్రీమ్11 సంస్థ భారత జట్టు ప్రాయోజకత్వం నుండి తప్పుకుంది. ఆసియా కప్‌లో భారత జట్టు ఎద మీద దేశం పేరు మాత్రమే గల నీలి చొక్కాలతో ఆడింది. సెప్టెంబరు 28న దుబాయిలో పాకిస్తాన్‌పై జరిగిన తుది పోటీలో హైదరాబాదుకు చెందిన తిలక్ వర్మ 69 పరుగులతో అజేయంగా నిలిచి కప్పు గెలిపించినది ఆ చొక్కాలోనే. తరువాత ఎదభాగం అపోలో టైర్స్ సంస్థకు దక్కింది.