చిలకలపూడి వంక ఇల్లు కట్టించు సోదరీమణులకు

బందరు వీధుల ఇరుకు విడిచి చిలకలపూడి వంక ఇల్లు కట్టించువారు వంటిల్లు ఆగ్నేయమున నమరినదా యని మొదట విచారింతురు. మేము మాత్రము డాబాపైకి మెట్లెక్కడనని అడిగెదము.

ఇచ్చటినుండి సముద్రము వరకు కొండ లేదు, గుట్ట లేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మడిసిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయిరి. తాటాకు ఇండ్లు కొట్టుకొనిపోగా, పక్కా కట్టడములపై కెక్కినవారు పెక్కురు బ్రతికిరి.

గుడివాడ వైపువారికి వాననీరు నిలుచుటయే బాధ. వారికి ఎత్తైన అరుగు చాలును. మనకు చాలదు. మెట్లు పెరటిలో గాక ఇంటిలోపలనే యుండవలెను. పెనుగాలిలో చంటిబిడ్డను చంకనిడుకొని, ముసలి అత్తగారిని పట్టుకొని ఏ యిల్లాలు వాకిలి దాటగలదు? చోటు కలిసివచ్చునని మేస్త్రీ బయట కట్టెదననును, ఒప్పుకొనకుడు.

డాబా యున్నదను ధీమాతో నిలిచిపోవుటయు తగదు. నేడు తుపాను వార్త ముందుగనే తెలియుచున్నది. అధికారులు పొమ్మన్నప్పుడు పోవలెను. తిరిగి వచ్చునప్పటికి నూతిలో ఉప్పునీరు చేరియుండవచ్చును గనుక, బయలుదేరుటకు ముందే డాబాపై మూతగల తొట్టిని మంచినీటితో నింపియుంచుడు.