కోరితే రాని పీఠం

ఉగాది వెళ్లగానే కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలోని కైరుప్పలలో, వీరభద్రస్వామి సన్నిధిన పిడకల సమరం జరుగుతుందని మీరు వినే ఉంటారు. ఊరు రెండు వర్గాలై పిడకలు రువ్వుకుంటుంది. దెబ్బలు తగిలినవారు స్వామివారి విభూతి పూసుకొని ఇళ్లకు వెళతారు. మనసులో పగ మిగలదు. అయితే ఆ సమరాన్ని ఎవరు పడితే వారు ఆరంభించడానికి వీలులేదు. కారుమంచి గ్రామపు రెడ్ల వంశీయుడు గుర్రమెక్కి వచ్చి స్వామిని దర్శించుకోవాలి. అదొక మర్యాద, ఒక పదవి. తండ్రి నుంచి కుమారునికి రక్తబంధంతో సంక్రమించే అధికారం.

ఆ కైరుప్పల నుంచి ఆదోని, ఎమ్మిగనూరు దాటి తుంగభద్ర ఒడ్డుకు చేరితే మరొక పదవి కనిపిస్తుంది. మంత్రాలయ శ్రీ రాఘవేంద్రస్వామి మఠ పీఠాధిపత్యం అది. పుట్టుకతో వచ్చేది కాదు, పదిమంది ఎన్నుకుంటే వచ్చేదీ కాదు. గురువు తన చేతులతో శిష్యునికి కాషాయమిచ్చి, దండకమండలాలిచ్చి అప్పగించవలసినది. ఆ పీఠం చరిత్రను పరిశీలిస్తే ఒక విశేషం బోధపడుతుంది. దానిని అధిష్ఠించిన మహనీయులలో అగ్రగణ్యుడు మొదట దానిని వద్దన్నవాడే!

ఈ పరంపరకు మూలపురుషులు పదమూడవ శతాబ్దికి చెందిన శ్రీమన్మధ్వాచార్యులు. వారి శిష్యులలో నరహరితీర్థులకు మన ఆంధ్రదేశంతో గాఢమైన అనుబంధముంది. కళింగ రాజ్యంలో అధికారం నిర్వహించిన ఆ యతీంద్రుల ప్రస్తావన 1281 నాటి శ్రీకూర్మం శాసనంలో నేటికీ చదువుకోవచ్చు. సన్న్యాసి రాజ్యభారం మోయడమేమిటని ఆశ్చర్యపోకండి. గురువు ఆజ్ఞాపించినప్పుడు రాజ్యమైనా, భిక్షాపాత్రమైనా ఆయనకు సమానమే.

తర్వాతి కాలంలో ఈ పరంపర శాఖలుగా విస్తరించింది. విబుధేంద్రతీర్థుల శాఖలో విజయీంద్రతీర్థులు, వారి పిమ్మట సుధీంద్రతీర్థులు పీఠాన్ని అలంకరించారు. అప్పట్లో ఆ పీఠానికి కావేరీ తీరాన ఉన్న కుంభకోణమే ప్రధాన స్థానం. అక్కడ సుధీంద్రుల వద్ద చదువుకున్నవాడు వేంకటనాథుడు. దరిద్రం వెన్నాడుతున్న గృహస్థు. భార్య సరస్వతి, చిన్నవాడైన కుమారుడు లక్ష్మీనారాయణుడు ఆయన సంసారం.

వృద్ధులైన సుధీంద్రులు పీఠాన్ని స్వీకరించమని వేంకటనాథుని అడిగారు. ఆయన అంగీకరించలేదు. ఆలుబిడ్డలను ఎవరికి అప్పగించి రాగలనన్నదే ఆయన వేదన. గురువు ఆరోగ్యం క్షీణించగా యాదవేంద్రతీర్థులనే మరొక శిష్యునికి సన్న్యాసమిచ్చారు. దైవకృపతో గురువు కోలుకున్నారు. యాదవేంద్రులు సంచారానికి బయలుదేరారు. పీఠం ఎవరికన్న ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది. అప్పుడు వాగ్దేవి స్వప్నంలో సాక్షాత్కరించి కర్తవ్యం బోధించగా, వేంకటనాథుడు గురువాజ్ఞకు తల ఒగ్గాడని సంప్రదాయం చెబుతుంది. 1621లో, ఫాల్గుణ శుద్ధ విదియనాడు, రఘునాథ నాయకుడు పాలిస్తున్న తంజావూరులో ఆయన సన్న్యాసం స్వీకరించి రాఘవేంద్రతీర్థులైనారు.

ఆ మహోత్సవాన్ని వర్ణించేటప్పుడు మనం ఒక గృహాన్ని మరచిపోతాము. భర్త యతి అవుతున్నాడని విన్న సరస్వతీదేవి పరుగున వెళ్లి బావిలో పడి ప్రాణం విడిచిందని, ప్రేతరూపంలో వచ్చిన ఆమెకు స్వామి కమండలు జలం ప్రోక్షించి విముక్తి కలిగించారని చెప్పుకుంటారు. ఎన్నోమార్లు పురాణ కాలక్షేపంలో ఈ కథ చెప్పాను. ప్రతిసారీ ఆ ఘట్టం వద్ద నా కంఠం ఆగుతుంది. పీఠమంటే వజ్రకిరీటమని, పల్లకీ అని అనుకునేవారు ఆ బావిని ఒక్కసారి తలచుకోవాలి. ఆ ఆసనానికి చెల్లించిన మూల్యం అది.

కొంతకాలానికి సుధీంద్రులు పరమపదించారు. వారి బృందావనం ఆనెగొందిలోని నవబృందావనంలో ఉంది. ఆ తర్వాత యాదవేంద్రులు తిరిగి వచ్చారు. ఆశ్రమంలో ముందువారు వారే. కనుక రాఘవేంద్రులు పీఠాన్ని వారికి సమర్పించబోయారు. యాదవేంద్రులు స్వీకరించలేదు, మీరే తగినవారన్నారు. ఇద్దరు యతులు ఒక ఆసనాన్ని మీదంటే మీదని వదులుకోజూసిన ఈ సన్నివేశం కంటే ఆ పీఠానికి వేరే యోగ్యతాపత్రం కావాలా?

ఇక కావేరి నుంచి తుంగభద్రకు ఆ పీఠవైభవం ఎలా చేరింది? మన ఆదోని ప్రాంతపు పశువుల కాపరి వెంకన్న కథ ఇక్కడ వస్తుంది. అక్షరం రాని ఆ అనాథ, స్వామి అనుగ్రహంతో నవాబు ముందు లేఖ చదివి, చివరికి ఆదోని దివాను అయ్యాడట. ఆదోని పాలకుడు సిద్దీ మసూద్ ఖాన్ స్వామికి గ్రామదానం చేయదలచినప్పుడు, సారవంతమైన భూములను కాదని ఆయన కోరుకున్నది మంచాల గ్రామం. ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన స్థలమది అని వారి వాక్యం. 1671లో, శ్రావణ బహుళ విదియనాడు, రాఘవేంద్రులు ఆ మంచాలలోనే సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. యాభై సంవత్సరాల పీఠాధిపత్యం అలా సంపూర్ణమైంది. ఆ మంచాలే నేటి మంత్రాలయం.

సంపూర్ణమైందని అన్నాను గానీ, భక్తుల విశ్వాసంలో అది ముగియలేదు. ఏడువందల ఏళ్లు బృందావనంలో ఉండి అనుగ్రహిస్తామన్నది స్వామి అభయం. ఇక్కడే ఈ పదవిలోని అపూర్వత గమనించండి. వారి తర్వాత యోగీంద్రతీర్థులు పీఠమెక్కారు. ఆ పిమ్మట ఎందరో వచ్చారు. వచ్చిన ప్రతి పీఠాధిపతీ తనకంటే ముందువారు ఇంకా లేచి వెళ్లని సన్నిధిలో కొలువు చేయాలి. స్వామికి పూర్వాశ్రమంలో మునిమనుమడైన వాదీంద్రతీర్థుల బృందావనం ఆయన చెంతనే ఉంది. రక్తసంబంధం ఉన్నప్పటికీ ఆయనకు పీఠార్హత ఇచ్చింది ఆ రక్తం కాదు, కాషాయమే.

గురుహస్తం నుంచి శిష్యశిరస్సుకు అధికారం దిగివచ్చే ఈ భావన మనకొక్కరికే పరిమితమైనది కాదు. క్రైస్తవులలో ఆంగ్లికన్ శాఖవారు బిషప్ పదవిని ఇలాగే భావిస్తారు. ముందున్న బిషప్పులు శిరస్సుపై చేతులుంచితేనే కొత్తవారికి ఆ అధికారం సిద్ధిస్తుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అలా అభిషిక్తులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య మన తెలుగు నేలలోని దోర్నకల్‌కు తొలి బిషప్ అయ్యారు. వారి శాఖలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945లో కన్నుమూసేవరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1947లో వివిధ శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పలువురు వెంటనే అందులో చేరలేదు. పాత పరంపరనే పట్టుకొని నిలిచి, చాలా ఏళ్ల తర్వాత కలిశారు. మతం వేరు, మార్గం వేరు. పరంపర తెగిపోతుందేమో అన్న ఆ బెంగ మాత్రం మనకు అర్థమయ్యేదే.

మన కళ్లెదుట జరిగినదే చూడండి. 2009 జూన్‌లో సుశమీంద్రతీర్థులు బృందావనస్థులు కాగా సుయతీంద్రతీర్థులు పీఠం వహించారు. నాలుగు మాసాలైనా నిండకముందే, అక్టోబరు 2న తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. కర్నూలు నగరమూ నీట మునిగింది. పట్టాభిషేకపు పూలవాసన ఆరకముందే ఆ యతీశ్వరులకు ఎదురైనది బురద, భక్తుల కన్నీరు. వరద తీసింది, పూజలు కొనసాగాయి. 2014 మార్చిలో వారు పరమపదించగా సుబుధేంద్రతీర్థులు ఆ భారాన్ని అందుకున్నారు.

భక్త మహాశయులారా! ఈసారి మంత్రాలయం వెళ్లినప్పుడు ఫలమంత్రాక్షతలు స్వీకరించి తిరిగి వచ్చేయకండి. మూలరాములవారి సంస్థాన పూజ జరిగే సమయానికి కాసేపు నిలబడండి. పీఠాధిపతి స్వహస్తాలతో చేయవలసిన పూజ అది. జ్వరమొచ్చినా, వరదొచ్చినా చింత దానిమీదే. పల్లకీలో ఊరేగే ఆ యతి, రాయరవారి బృందావనం ముందు తల వంచి నిలబడినప్పుడు ఎంత చిన్నవాడై కనిపిస్తాడో గమనించండి. ఆ పదవి గొప్పతనమంతా ఆ వంగిన శిరస్సులో ఉంది.

మన ఇళ్లలోనూ చిన్న చిన్న పీఠాలున్నాయి. తాతగారి సాలగ్రామం, అమ్మ పెట్టే నిత్యదీపం, ఊరి గుడి ధర్మకర్తృత్వం ఎవరో ఒకరు అందుకోవాలి. నాకంటే నాకని వాదులాడుకునే ఇంట అవి వ్యాజ్యాలవుతాయి. మీకంటే మీకని సమర్పించుకునే ఇంట పరంపరలవుతాయి. ఆ వినయాన్ని శ్రీ గురురాయలు మనందరికీ ప్రసాదించుగాక!