గోధుమ పండని నేల ఏథెన్స్‌ను ఓడెక్కించింది

క్రీ.పూ. 405లో ఏథెన్స్ తలరాత తేలింది నగరానికి వందల కిలోమీటర్ల దూరంలో, నేటి టర్కీలోని డార్డనెల్స్ జలసంధి ఒడ్డున. స్పార్టా సేనాని లైసాండర్ అక్కడ ఏథెన్స్ నౌకాదళాన్ని దాదాపు మొత్తంగా పట్టుకున్నాడు. ధాన్యం ఓడలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది ఆకలికి తాళలేక నగరం లొంగిపోయింది.

అంత పెద్ద నగరం ప్రాణం ఒక ఇరుకు నీటిదారిలో ఎందుకుంది? జవాబు మట్టిలో దొరుకుతుంది.

ఏథెన్స్ ఉన్న అట్టికా ప్రాంతంలో చాలా భాగం సున్నపురాయి కొండలే. వాననీరు రాతి పగుళ్లలోంచి లోపలికి జారిపోతుంది. పైన మిగిలే మట్టి పొర పలచన. ఏడాదికి కురిసేదే సుమారు 400 మి.మీ. వాన, అదీ ఎక్కువగా చలికాలంలో. గోధుమకు ఆ తేమ కొన్నేళ్లు చాలదు. బార్లీ కాస్త నయం. ఆలివ్‌కైతే బెంగే లేదు: దాని చిన్న, మందపాటి ఆకులు నీటిని తేలిగ్గా వదలవు, వేళ్లు రాతి సందుల్లో తేమను వెతుక్కుంటాయి. క్రీ.పూ. ఆరో శతాబ్దం తొలినాళ్లలో సోలోన్ పంటల ఎగుమతిని నిషేధించి, ఆలివ్ నూనెను మాత్రం మినహాయించాడని ప్లూటార్క్ రాశాడు. ఏది మిగులో, ఏది కొరతో ఆ ఒక్క చట్టమే చెబుతుంది.

కొరతను చాలావరకు తీర్చింది నల్లసముద్రపు ఉత్తర తీరం. అక్కడి ధాన్యం డార్డనెల్స్ దాటి ఏజియన్ సముద్రంలోకి వచ్చేది. దీవులు దగ్గర దగ్గరగా ఉండటంతో నేల కనుమరుగయ్యే ప్రయాణం అరుదు. దిక్సూచి లేని రోజుల్లో అది చిన్న వరం కాదు. పైగా వేసవిలో ఉత్తరం నుంచి వీచే ఎటీసియన్ గాలులు ఓడలను ఏథెన్స్ వైపు తోసేవి. మనకు నైరుతి రుతుపవనాలను రప్పించే వేసవి అల్పపీడనం పడమటి కొస టర్కీ దాకా సాగుతుంది; ఆ గాలులకు అదీ ఒక కారణం.

నౌకాదళానికి డబ్బు కూడా అట్టికా నేలే ఇచ్చింది. క్రీ.పూ. 483 ప్రాంతంలో లౌరియన్ గనుల్లో వెండి విరివిగా దొరికినప్పుడు, దాన్ని పంచుకోకుండా యుద్ధనౌకలు కట్టమని థెమిస్టోక్లిస్ పౌరులను ఒప్పించాడు. ఒక్కో నౌకకు 170 మంది తెడ్డు వేసేవారు కావాలి. వారిలో చాలామంది పేద పౌరులు. సభలో వారి మాటకు బరువు పెరిగింది అందుకే అన్న వాదన గట్టిదే.

అయితే అంతా భూగోళమే నిర్ణయించిందనలేం. దాదాపు అదే వాతావరణంలో ఉన్న స్పార్టా సముద్రం వైపు చూడలేదు. పొరుగున ఉన్న మెస్సీనియా మైదానాలను ఆక్రమించి, అక్కడివారిని బానిసల్లా దున్నించి కడుపు నింపుకుంది.

ఓటమి తర్వాత కూడా ఏథెన్స్ అవసరం మారలేదు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో ఏడాదికి పదిసార్లు జరిగే ప్రధాన సభలో తప్పనిసరిగా చర్చించాల్సిన అంశాల్లో దేశ రక్షణతో పాటు ధాన్యం సరఫరా కూడా ఉండేది.