మన హాట్‌స్పాట్‌ను తెంచే హక్కు హాల్ వాళ్లకు లేదు

గత ఉగాదికి ప్లేనో దగ్గర్లోని ఒక హాల్లో జరిగిన మనవాళ్ల వేడుకలో మా ఆవిడ చీరల స్టాల్ పెట్టింది. మధ్యాహ్నానికి జనం కిటకిటలాడారు. చీర నచ్చింది, రేటు కుదిరింది, కార్డు తీశారు. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌కు నెట్ లేదు. నా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపిన నిమిషానికే తెగిపోతోంది. హాల్ వాళ్లను అడిగితే, ‘ఇక్కడ హాట్‌స్పాట్లు పనిచేయవు, మా వైఫై కొనుక్కోండి’ అన్నారు. చేసేది లేక డబ్బు కట్టాం. ఈలోగా నలుగురు ‘మళ్లీ వస్తాం’ అంటూ వెళ్లిపోయారు. వాళ్లు మళ్లీ రాలేదు.

‘వాళ్ల బిల్డింగ్, వాళ్ల రూల్’ అని ఆ రోజు సర్దుకుపోయాను. ఇన్నేళ్లుగా ఐటీలో ఉన్నా, ఈ విషయంలో చట్టం ఏమంటుందో ఇంటికొచ్చి చదివాకే తెలిసింది.

నాష్‌విల్‌లోని గేలార్డ్ ఓప్రీల్యాండ్ హోటల్‌పై 2013లో ఒక అతిథి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు, అంటే ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చేశారు. అక్కడ సిబ్బంది అతిథుల హాట్‌స్పాట్లను తెంచేస్తున్నట్టు విచారణలో తేలింది. హోటల్ వైఫై కావాలంటే ఎగ్జిబిటర్లు ఒక్కో పరికరానికి 250 నుంచి 1,000 డాలర్ల వరకు కట్టాల్సి వచ్చేది. అతిథుల భద్రత కోసమే చేశామని మారియట్ వాదించింది. చివరకు 2014 అక్టోబర్‌లో 6 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. 2015 జనవరి 27న ఎఫ్‌సీసీ హెచ్చరిక జారీచేసింది: హోటలైనా, కన్వెన్షన్ సెంటరైనా, మరే వ్యాపార సంస్థైనా వ్యక్తిగత హాట్‌స్పాట్లను కావాలని అడ్డుకోకూడదు. దీనికి ఆధారం 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టంలోని 333వ సెక్షన్. అదే ఏడాది ఆగస్టులో, కన్వెన్షన్ సెంటర్లకు ఇంటర్నెట్ ఇచ్చే స్మార్ట్ సిటీ సంస్థ 7.5 లక్షల డాలర్లు కట్టింది. అప్పట్లో దాని వైఫై రుసుము రోజుకు 80 డాలర్లు ఉండేది.

ఎలా తెంచుతారంటే, మన హాట్‌స్పాటే పంపినట్టుగా ‘కనెక్షన్ వదిలెయ్’ అనే దొంగ సందేశాన్ని గాల్లోకి పంపుతారు. మన ల్యాప్‌టాప్ నమ్మి వదిలేస్తుంది.

హాల్ వాళ్లు తమ వైఫైకి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, డబ్బు అడగవచ్చు. మన ఫోన్‌కూ మన ల్యాప్‌టాప్‌కూ మధ్య దూరి తెంచడమే నేరం.

అలాగని తెగిన ప్రతిసారీ అనుమానించనక్కర్లేదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి చూడండి. అప్పుడూ నెట్ రాకపోతే సెల్ సిగ్నలే బలహీనం కావచ్చు. కేబుల్‌తో చక్కగా వస్తూ, వైఫై మాత్రమే పదేపదే తెగుతుంటే సందేహించాలి. జనం రద్దీ వల్ల కూడా వైఫై తెగుతుంది కాబట్టి అదొక్కటే రుజువు కాదు. సమయం, చోటు, సిబ్బంది చెప్పిన మాట రాసిపెట్టుకుని ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో గానీ, 1-888-225-5322కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయవచ్చు. నాష్‌విల్ కేసు మొదలైంది ఒక్కరి ఫిర్యాదుతోనే.

మా హాల్లో నిజంగా అడ్డుకున్నారో లేదో చెప్పలేను. ఆ రోజు ఈ పరీక్ష చేయాలని నాకు తోచలేదు. ఇప్పుడు మా ఆవిడ స్టాల్ పెట్టెలో కత్తెర, క్యారీ బ్యాగులతో పాటు ఒక కేబుల్ కూడా ఉంటోంది. దసరాకు మీరూ స్టాల్ పెడుతుంటే ఒకటి వేసుకెళ్లండి.