గాత్రం నుండి తంత్రికి: ల్యూట్‌పై కీర్తనలు, వాక్యానికి గల స్థానం

ఉపోద్ఘాతం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ, తార్నాక వసతి గృహాలలోనూ గిటారుపై క్రైస్తవ కీర్తనలు వాయించే విద్యార్థులు అరుదు కారు. సాహిత్యాన్ని విడిచి స్వరాలను మాత్రమే వాయిస్తే అది ఇంకా కీర్తనేనా? 16వ శతాబ్దపు ఐరోపాలో ల్యూట్ వాద్యకారుల పని ఈ ప్రశ్నకు కొంత వెలుగునిస్తుంది.

కూర్పు విధానం

అరబ్బుల ఊద్ నుండి వచ్చిన ల్యూట్‌కు ఆ కాలంలో సాధారణంగా ఆరు వరుసల తంత్రులుండేవి. గాత్ర సంగీతమైతే ఒక్కొక్క గొంతుకు వేరువేరు పుస్తకాలలో అచ్చయ్యేది. వాద్యకారుడు ఆ గొంతులన్నిటినీ ఒకచోట చేర్చి, తంత్రినీ మెట్టునూ సూచించే ట్యాబ్లేచర్ అనే లిపిలోకి మార్చేవాడు. 1507లో వెనిస్‌లో పెట్రూచి అచ్చువేసిన స్పినాచీనో పుస్తకాలలోనే ఇట్టి కూర్పులున్నాయి. శాస్త్రవేత్త గలిలియో తండ్రి విన్‌చెంజో గలిలీ 1568లో ఈ విద్యను బోధిస్తూ ‘ఫ్రోనిమో’ అనే సంభాషణ గ్రంథం వెలువరించాడు.

మొదట శ్రుతిని ఎంచుకోవాలి. మంద్ర స్వరం వాద్యానికి అందాలి, విడి తంత్రులు వీలైనంత ఉపయోగపడాలి. రెండు గొంతులు ఒకే తంత్రిపై ఒకేసారి పడితే, ఒకదానిని వేరే తంత్రికి మార్చాలి, లేదా వదలాలి. నరపు తంత్రుల నాదం త్వరగా అణగిపోతుంది గనుక దీర్ఘ స్వరాలను మరల మీటాలి, లేదా చిన్న స్వరాలతో నింపాలి. ఈ అలంకారం మితిమీరితే గొంతుల అల్లిక మరుగునపడుతుంది.

ఈ లిపి పరిశోధకులకు మరొక మేలు చేస్తుంది. గాత్ర పుస్తకాలలో రాయకుండా గాయకుల విచక్షణకు విడిచిన అర్ధస్వరాలు ట్యాబ్లేచర్‌లో స్పష్టంగా కనబడతాయి.

సంస్కర్తల వైఖరి

లూథర్ స్వయంగా ల్యూట్ వాయించేవాడు. జోస్కాన్ సంగీతాన్ని ఎంతో మెచ్చుకొనేవాడు. జ్వింగ్లీ కూడా మంచి వాద్యకారుడే. అయినను 1520లలో అతని నాయకత్వాన జూరిచ్ ఆరాధన నుండి సంగీతం తొలగిపోయింది. కాల్విన్ ఆరాధనలో వాద్యం లేని ఏకస్వర గానాన్నే అనుమతించాడు. అయితే గూడిమెల్ 1565లో తన బహుస్వర కీర్తనలు గుడిలో పాడుటకు గాక ఇండ్లలో దేవునియందు ఆనందించుటకేనని ముందుమాటలో తెలిపాడు. ల్యూట్ కీర్తనల స్థానం కూడా ఈ గృహమే. అక్కడ వినేవారికి సాహిత్యం కంఠస్థం. వాద్యం దానిని జ్ఞాపకం చేసేది.

స్పెయిన్‌లో మరొక మార్గం కనబడుతుంది. ల్యూట్ శ్రుతినే కలిగిన విహ్వేలా వాద్యం కోసం లూయిస్ మిలాన్ 1536లో ప్రచురించిన గ్రంథంలో, పాడవలసిన గొంతును ఎర్ర అంకెలలో ముద్రించారు. అంటే వాయించేవాడే పాడవచ్చు, మాట పోదు.

మన సందర్భం

వీణ వాదనలో సాహిత్యాక్షరాలు పడే చోట మీటు వేసే సంప్రదాయం ఉంది. కాబట్టి పదాలు వినబడకపోయినా పద విభజన వినబడుతుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారి కీర్తనలను తంత్రీ వాద్యంపై కూర్చేవారికి ఇది అనుసరణీయం. గిటారు మూడవ తంత్రిని అర్ధస్వరం తగ్గిస్తే ల్యూట్ తంత్రుల అంతరాలే వస్తాయి గనుక పాత ట్యాబ్లేచర్‌ను కూడా నేరుగా అభ్యసించవచ్చు.

ముగింపు

నాదంలో భేదం తెలియకపోతే వాయించినది ఏమిటో ఎట్లు తెలియునని పౌలు అడుగుతాడు (1 కొరింథీ 14:7). సంఘం ఎరిగిన కీర్తనను పద విభజన చెడకుండా వాయిస్తే వాద్యం వాక్యానికి సేవ చేస్తుంది. సంఘం ఎరుగని కీర్తనకైతే మొదట గానం, ఆ తరువాతనే వాద్యం.