నార్మల్ వచ్చింది... మాత్ర మానేయొచ్చా?

మిరప కోతల రోజులు. రాజుపాలెం సెంటర్లో టీ కొట్టు దగ్గర ఇలాంటి మాటలు వినిపిస్తుంటాయి...

'బాబాయ్, కొవ్వు మాత్ర వేసుకుంటున్నావా?'

'మొన్న పిడుగురాళ్లలో రక్తం పరీక్ష చేయిస్తే అంతా నార్మలన్నార్రా. ఇంకెందుకని ఆపేశా.'

చిక్కంతా ఇక్కడే. రిపోర్టు బాగా వచ్చిందే మాత్ర వల్ల. పశువులు చేలో పడట్లేదు కదాని కంచె పీకేస్తామా? మాత్ర ఆపిన కొన్ని వారాలకే కొలెస్ట్రాల్ మళ్లీ పాత అంకెకు చేరుతుంది. నొప్పి ఉండదు, ఆయాసం ఉండదు. కాబట్టి ఆ సంగతి బాబాయికి తెలియదు!

'పొద్దస్తమానం పత్తి చేలో ఒళ్లొంచేవాడికి కొవ్వేంటి?' అనే ధీమా ఒకటి మనవాళ్లకు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో ఆరా తీశారు. దాదాపు మూడింట ఒక మరణం గుండె, రక్తనాళాల జబ్బులదేనని తేలింది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త అధ్యయనం వెలువడింది. దాని ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి కొలెస్ట్రాల్ ఎక్కువ. సన్నగా ఉన్నంత మాత్రాన మినహాయింపేం లేదు.

అసలు కొలెస్ట్రాల్ శత్రువేం కాదు. కణాల గోడలకు, హార్మోన్లకు అది కావాలి. అందులో ఎక్కువ భాగాన్ని మన శరీరమే తయారుచేసుకుంటుంది, ముఖ్యంగా కాలేయం. దాన్ని రక్తంలో మోసుకెళ్లే ఎల్‌డీఎల్ మితిమీరితే ధమనుల గోడల్లో పేరుకుంటుంది. ఏళ్లు గడిచాక ఆ పూడిక పగిలి, రక్తం గడ్డకట్టి, దారి మూసుకుంటే గుండెపోటు.

స్టాటిన్ మాత్రలు చేసేది కాలేయంలో ఈ తయారీని తగ్గించడమే. అప్పుడు కాలేయం తన అవసరానికి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఈ మందు పుట్టుక మన అన్నానికి దగ్గరిదే! జపాన్ శాస్త్రవేత్త అకీరా ఎండో వేలాది బూజుల్ని వడబోసి, 1973లో తొలి స్టాటిన్‌ను పట్టుకున్నారు. ఆ బూజు దొరికింది క్యోటోలోని ఓ దుకాణం బియ్యంలో.

ఏది నార్మల్?

ల్యాబ్ కాగితంపై అచ్చువేసిన 'నార్మల్' అందరికీ ఒకటి కాదు. భారత కార్డియలాజికల్ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ముప్పు తక్కువ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు ఉంటే చాలు. షుగరు, బీపీ లాంటివి ఉంటే 70 లోపు ఉండాలి. ఒకసారి గుండెపోటు వచ్చినవారికైతే 55 లోపే! అంటే బాబాయికి ఇదివరకే గుండెపోటు వచ్చి ఉంటే, ఎల్‌డీఎల్ 95 అన్న రిపోర్టు సంతోషించాల్సింది కాదు. తొలి పరీక్ష పరగడుపునే చేయించాలన్న పట్టింపు కూడా ఇప్పుడు లేదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉంటే మాత్రం డాక్టరు మళ్లీ పరగడుపున చేయించమంటారు.

ఇక వంటింటి సంగతి. 'కొలెస్ట్రాల్ లేని నూనె' అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. ఏ మొక్క నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వును. పామాయిల్‌లో అది వేరుశనగ నూనె కంటే రెండింతలకు పైనే. వేడన్నంలో కారప్పొడి, నెయ్యి మానమంటే పల్నాడులో ఎవరూ వినరు, నేనూ చెప్పను. గరిటెను చెంచా చేయండి చాలు. శ్రీనాథుడు జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చెప్పుకునే నేల ఇది. సాగర్ కాలువలొచ్చాక వరి అన్నం అలవాటైంది. రెండు పూటలా పళ్లెం నిండా అన్నమైతే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఒక పూట జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తింటే పీచు దొరుకుతుంది. బీడీ, సిగరెట్టు మాత్రం పూర్తిగా మానాల్సిందే. అయితే తిండి మార్చుకుంటే ఎల్‌డీఎల్ తగ్గేది కొంతవరకే. అందుకే మందు అవసరమైనవారికి పత్యం దానికి తోడే గానీ బదులు కాదు.

మాత్రతో కండరాలు నొప్పులు పెడుతున్నాయా? మీరే ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి. మోతాదో, మందో మారుస్తారు. గర్భం కోసం చూస్తున్న మహిళలూ ముందే చెప్పాలి. మందు మొదలుపెట్టిన ఒకటి నుంచి మూడు నెలల్లోపు ఓసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే, వాళ్ల పిల్లలకూ ఆ పరీక్ష చేయించండి.